బ్లాకులో నీళ్ళు: ఒక పాత స్కీ బోటు డైరీ

ఫిబ్రవరి 3, 2024

మూడు ఎండాకాలాల పాటు నన్ను తన బోటు వెనక లాక్కెళ్ళిన మిత్రుడు ఉద్యోగం మారి సియాటిల్ వెళ్ళిపోతున్నాడు. బోటు వాళ్ళ బావమరిదికి ఇచ్చేశాడట. నాకు మిగిలింది ఒక స్లాలమ్ స్కీ (కాళ్ళకి బిగించుకుని నీళ్ళ మీద జారే పలక), అరిగిపోయిన గ్లవ్స్ ఒక జత. మేముండేది డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. చుట్టూ లూయిస్‌విల్, రే రాబర్ట్స్, లావన్. లేక్‌లకి కొదవ లేదు. ఇక సొంత బోటు కొనాల్సిందే అని రాత్రి భోజనాల దగ్గర ప్రకటించాను. ఎవరూ కంచంలోంచి తల ఎత్తలేదు. మా ఆవిడ మాత్రం "ఎంతలో?" అంది. ఇరవై వేల డాలర్లు దాటదని మాటిచ్చాను. ఇక్కడ రాసి పెట్టుకుంటే మాట తప్పనని ఈ డైరీ.

తెలియనివాళ్ళ కోసం: స్లాలమ్ అంటే రెండు కాళ్ళూ ఒకే స్కీ మీద ఒకదాని వెనక ఒకటి బిగించుకుని, బోటు దారికి అటూ ఇటూ వాలుతూ బంతుల్ని చుట్టి రావడం. అసలు కోర్సు పొడవు 259 మీటర్లు, చుట్టాల్సిన బంతులు ఆరు. ఒక్కో బంతి బోటు నడిచే గీతకి 11.5 మీటర్ల దూరంలో ఉంటుంది. గెలిచిన కొద్దీ, బోటు మనల్ని లాగే తాడు కురచ చేస్తూ పోతారు. 18.25 మీటర్లు, 16, 14.25, 13, 12, ఆ తరవాత 11.25. అక్కడికొచ్చేసరికి తాడు బంతి దాకా రానే రాదు, మిగతా దూరం మనిషే ఒళ్ళు చాచి అందుకోవాలి. నేను అంత మొనగాణ్ణి కాను. గంటకి 28 మైళ్ళ వేగంలో, పొడుగు తాడుతో, బంతులు లేని ఉత్తి నీళ్ళలో నా మానాన నేను వంపులు తిరుగుతాను. కానీ ఒక్క వంపు సరిగ్గా కుదిరిందంటే వారమంతా ఆఫీసులో ఎవరేమన్నా పట్టదు.

దీనికి ఏ బోటు పడితే ఆ బోటు పనికిరాదు. స్కీ బోటుకి ఇంజను సరిగ్గా నడుమ ఉంటుంది, అక్కణ్ణించి షాఫ్టు తిన్నగా కిందికి దిగి ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. బరువు మధ్యలో పడుతుంది కాబట్టి వెనక లేచే అల చిన్నదిగా, మెత్తగా ఉంటుంది. వేక్‌బోర్డు (అల మీద ఎగిరే వెడల్పాటి పలక) బోట్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అలని వీలైనంత పెద్దది చేయడానికే వాటి తయారీ. ఇదంతా చెబితే మా ఆవిడ, "పిల్లలకి అలలే కదా సరదా, ఆ రెండో రకమే కొనండి" అంది. గంటసేపు బేరం జరిగింది. తేలిందేమిటంటే: ఇంజను నడుమ ఉండాలి (నా కోసం), ముందు భాగం మూసేసి కాకుండా కూర్చోవడానికి వీలుగా ఉండాలి (తన కోసం), ఆరుగురు పట్టాలి (మా నాన్న వచ్చి ఉన్నారు కాబట్టి).

ఫిబ్రవరి 17

మొదటి బోటు. తొంభైల నాటిది, ఎర్రగా మెరిసిపోతోంది, ధర ఎనిమిది వేలే. నాన్నని వెంట తీసుకెళ్ళాను. ఆయన రాజమండ్రిలో నలభై ఏళ్ళు లారీల షెడ్డు నడిపారు. బోటు ఇంజను చూడటం ఇదే మొదటిసారి.

పాత బోట్లలో అడుగున, ఇంజను కూర్చునే దూలాలు చెక్కవి. వాటి మీద ఫైబర్‌గ్లాస్ పూత ఉంటుంది. పూతకి ఎక్కడో చిన్న బీట పడి నీళ్ళు లోపలికి చేరితే, పైకి ఏమీ కనపడకుండా లోపల చెక్క చీకిపోతుంది. చిన్న సుత్తితో పొడవునా కొట్టుకుంటూ వచ్చాను. ముందు టక్ టక్, ఇంజను దగ్గరకి వచ్చేసరికి డబ్ డబ్. పుచ్చకాయ కొనేటప్పుడు వినే తేడా లాంటిదే. నాన్న ఇంజను మౌంటు బోల్టుకి స్పానర్ పెట్టి తిప్పారు. అది బిగుసుకోలేదు, ఊడి రాలేదు, గానుగలా ఊరికే తిరుగుతూనే ఉంది. "దీనికి ఎర్ర రంగు తప్ప ఇంకేం లేదురా" అన్నారు. వచ్చేశాం.

మార్చి 2

రెండో బోటు చూసి మనసు పారేసుకున్నాను. తెలుపు మీద నీలం, సీట్ల మీద గీత లేదు, ధర పదిహేను వేలు. ఓనరు పెద్దాయన, మర్యాదస్తుడు. ఇంజను మీటరు 410 గంటలే చూపిస్తోంది. చలికాలానికి ఏం చేస్తారని అడిగితే, "టెక్సస్‌లో చలికాలమా?" అని నవ్వేశాడు.

నాన్న ఇంజను చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, "రేడియేటర్ ఏదిరా?" అన్నారు. లేదన్నాను. ఇలాంటి బోట్లలో చాలావాటికి ఉండదు. అడుగున ఉన్న రంధ్రంలోంచి లేక్ నీళ్ళే రబ్బరు పంపుతో లాక్కుని, సిలిండర్లుండే ఇనప దిమ్మ, అదే ఇంజను బ్లాకు, లోపలంతా తిప్పి, పొగగొట్టం గుండా బయటికి వదిలేస్తుంది. "అంటే బోటు ఆపేశాక నీళ్ళు బ్లాకులోనే ఉండిపోతాయా?" అన్నారు. ఉంటాయి, ప్లగ్గులు విప్పి వదిలితే తప్ప. "ఇక్కడ నీళ్ళు గడ్డ కడతాయా?" అన్నారు. అప్పుడు వెలిగింది నాకు.

2021 ఫిబ్రవరి 16న డాలస్ ఎయిర్‌పోర్టులో ఉష్ణోగ్రత సున్నాకి 2 డిగ్రీలు కిందికి పోయింది. ఫారెన్‌హీట్‌లో. సెల్సియస్‌లో అయితే మైనస్ 19. కరెంటు లేదు, కుళాయిలు రాళ్ళయ్యాయి, మేము నలుగురం ఒకే గదిలో రగ్గులన్నీ కప్పుకుని పడుకున్నాం. నీరు గడ్డ కడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పోత ఇనుము ఉబ్బదు, పగులుతుంది. ఆ వారం ఎన్ని ఇళ్ళలో పైపులు పగిలాయో చూశాం. నీళ్ళు వదలకుండా పెట్టిన బోట్ల సంగతి ఎవరూ మాట్లాడుకోలేదు. అవి షెడ్లలో తాళం వేసి ఉన్నాయి మరి.

నాన్న ఫోన్ టార్చి వేసుకుని ఇంజను పక్కన బోర్లా పడుకున్నారు. పొగ బయటికి పోయే ఎగ్జాస్టు మానిఫోల్డు కింద, ఆయిల్ పాన్‌కి కాస్త పైన, బ్లాకు మీద రంగు ఒక చోట కొంచెం కొత్తగా ఉంది. గోటితో గీరారు. రంగు కింద బూడిద రంగు పుట్టీ. ఒక జానెడు పొడవున, వంకరగా. "ఒరేయ్, ఇంజనంతా ఇరవై ఏళ్ళ ముసలిది. ఈ జానెడు మేర మాత్రం నిన్న పుట్టింది" అన్నారు తెలుగులో, నవ్వు ముఖంతో, ఓనరుకి అనుమానం రాకుండా. ఆయిల్ చూసే కడ్డీ లాగితే ఆయిల్ శుభ్రంగానే ఉంది, కొత్తది పోసినట్టున్నాడు. పోపు గింజంత తెల్లటి నురగ మాత్రం ఫిల్లర్ మూత లోపల అంటుకుని ఉంది. నీళ్ళు కలిసిన ఆయిల్ పాలు పోసిన కాఫీలా మారుతుంది, దాని ఆనవాలు అది.

ఆ పెద్దాయనకి తెలుసో, ఆయనకీ ఎవరో అలాగే అంటగట్టారో నాకు తెలీదు. అడగలేదు. దారి పొడవునా నాన్న మాట్లాడుతూనే ఉన్నారు, నాకు మాత్రం ఆ నీలం గీతలే కళ్ళ ముందు.

మార్చి 23

2005 మాలిబు రెస్పాన్స్ ఎల్‌ఎక్స్. ఇండ్‌మార్ వాళ్ళ 5.7 లీటర్ల వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను. ముందు కూర్చోవచ్చు. అడుగున చెక్క లేదు. రంగు వెలిసింది, వెనక సీటు కుట్లు విడిపోయాయి, మీటరు 780 గంటలు. ధర 22,500. బోటు అందంగా లేదు. ఓనరు దగ్గర మాత్రం ఒక ఫైలు ఉంది. ఏటేటా నవంబరులో నీళ్ళు వదిలించిన బిల్లులు, 2020 నవంబరు బిల్లుతో సహా. సీటు కుట్లు నేను కుట్టించుకోగలను, ఆ బిల్లు మాత్రం నేను పుట్టించలేను.

బోటు వెనక కుడివైపు చెక్కి ఉండే 12 అక్షరాల గుర్తింపు నంబరు ఫొటో తీసుకున్నాను. చివరి రెండు అంకెలు 05, కాగితాలతో సరిపోయాయి.

ఏప్రిల్ 6

ఈరోజు కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో ఒత్తిడి ఎంతుందో చూడటం), నీళ్ళలో పరీక్ష. విడిగా ఒక మెరైన్ మెకానిక్‌ని డబ్బులిచ్చి పిలిచాను. నాన్న చిన్నబుచ్చుకుంటారేమో అనుకున్నా, ఆయన పది నిమిషాల్లో అతనికి అసిస్టెంటు అయిపోయారు. ఇంజను వేడెక్కించి, ఎనిమిది స్పార్క్ ప్లగ్గులూ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌కీ గేజి పెట్టారు. 165, 170, 165, 160, 170, 165, 168, 162. అసలు అంకె కంటే అన్నీ దగ్గర దగ్గరగా ఉండటం ముఖ్యం. ఒక్కటి వందకి పడిపోయి ఉంటే అక్కడితో కథ సరి. మెకానిక్ భాష నాన్నకి రాదు, నాన్న భాష అతనికి రాదు. ప్లగ్గుల మొనలు ఎనిమిదీ వరసగా పేర్చి, ఇద్దరూ ఒకే ప్లగ్గుని చూపించి తల పంకించారు.

తరవాత లేక్‌లో. రెండు వేగాల్లో అల చూశాను. 34 మైళ్ళలో అల ఉందా లేదా అన్నట్టుంది. నా 28లో కొంచెం గట్టిగానే తగులుతుంది, స్కీ బోటు అల నెమ్మది వేగంలోనే పెద్దది. వేగాన్ని నిలకడగా ఉంచే పర్‌ఫెక్ట్ పాస్ అనే స్పీడ్ కంట్రోల్ ఉంది. పక్కన ఫోన్ జీపీఎస్ పెట్టి చూస్తే అర మైలు తేడా. చాలు. స్లాలమ్‌లో డ్రైవరు చేతివాటం మీద వేగం మారితే తాడు చివర మనిషికి నరకం.

లోపాలు: షాఫ్టు బోటులోంచి బయటికి వెళ్ళే చోట ఉండే ప్యాకింగ్ దగ్గర నీళ్ళు ధారగా కారుతున్నాయి. నిమిషానికి రెండు మూడు చుక్కలు రావాలి కూడా, అసలు రాకపోతే వేడెక్కి పాడవుతుంది. ఇది మాత్రం మరీ ఎక్కువ. ట్రైలర్ టైర్లు పాతవి. ఈ రెండూ, సీట్లూ చూపించి 19,500 దగ్గర తెగ్గొట్టాం.

"సోమవారం డబ్బు కట్టి తెచ్చుకుందాం" అన్నాను. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళలో ఇద్దరు నన్ను వింతగా చూశారు. సోమవారం సంపూర్ణ సూర్యగ్రహణం, అదీ సరిగ్గా మా నెత్తి మీద. మంగళవారం ఉగాది. గ్రహణం నాడు ఎవరైనా బోటు కొంటారా?

ఏప్రిల్ 13

క్రోధి నామ సంవత్సరంలో బోటు ఇంటికొచ్చింది. ఇంటికి అంటే ఇంటికి కాదు, మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు డ్రైవ్‌వేలో బోటు ఉంచనివ్వరు. పదిహేను నిమిషాల దూరంలో నెలకి 95 డాలర్ల షెడ్డు. పన్ను 6.25 శాతం, అంటే 1,218 డాలర్ల 75 సెంట్లు. దీంతో మాట తప్పాను. మా ఆవిడ ఈ డైరీ చదువుతుందని ఇప్పుడే తెలిసింది.

షెడ్డు ముందు పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. ట్రైలర్ రెండు చక్రాల కిందా రెండు నిమ్మకాయలు. పక్క షెడ్డులో ఒకాయన తన చేపల బోటు కడుగుతూ చాలాసేపు చూసి, ఎందుకని అడిగాడు. మా అబ్బాయి, "టైర్ టెస్ట్" అన్నాడు.

లాగడానికి మా హైలాండర్ వి6 కారు. దాని పరిమితి 5,000 పౌండ్లు. బోటు, ట్రైలర్, పెట్రోలు అన్నీ కలిపి నాలుగు వేల పైచిలుకు. లాగడం సులువే. వెనక్కి పోవడమే గండం. ఖాళీ పార్కింగ్ లాటులో రెండు గంటలు సాధన చేశాను. కారు కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకి పోతుంది. బుర్ర ఒప్పుకోదు. చివరికి నాన్న ఒక చిట్కా చెప్పారు: స్టీరింగ్ పైన కాదు, అడుగున పట్టుకో. చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ అటే పోతుంది. లారీ ట్రైలర్ల వాళ్ళ దగ్గర నేర్చుకున్నారట. అరగంటలో కుదిరింది.

మే 4

మొదటిసారి నీళ్ళలోకి. రే రాబర్ట్స్. బోట్లు నీళ్ళలోకి దించే ర్యాంపు దగ్గర వెనక ఆరు బండ్లు క్యూ. ట్రైలర్ దించాను, బోటు తేలలేదు. ఇంకొంచెం దించాను. కారు వెనక చక్రాలు నీళ్ళు తాకాయి. ఇంకా తేలలేదు, పైగా ట్రైలరే పైకి లేస్తోంది. గట్టు మీంచి నాన్న, "ఒరేయ్, కట్టేసిన గేదెని తోలితే కదుల్తుందా!" అని కేక. వెనక రెండు పట్టీలు విప్పలేదు. తలెత్తకుండా దిగి విప్పాను. నీళ్ళలోంచి తీసేటప్పుడు డ్రెయిన్ ప్లగ్గు విప్పి బోటులో నీళ్ళన్నీ వదిలి గానీ రోడ్డెక్కకూడదని టెక్సస్ చట్టం. జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కి పాకకుండా. ఈ లేక్‌లో 2012లోనే దొరికాయి. కాబట్టి దించేటప్పుడు ప్లగ్గు పెట్టడం, పట్టీలు విప్పడం. ఇవి రెండూ మా అమ్మాయి బాధ్యత ఇకమీదట. తనకి మార్చిలో పదమూడు నిండాయి. స్కీయర్‌ని లాగేటప్పుడు బోటుకి వెనక కనపడే అద్దమైనా ఉండాలి, పదమూడేళ్ళు నిండిన మనిషైనా వెనక్కి చూస్తూ ఉండాలి అని ఇక్కడి రూలు. "నేను లీగల్" అని లేక్ అంతా చెప్పుకుంది. తొమ్మిదేళ్ళవాడికి మాత్రం బోటు కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ తప్పదు, వాడి ఏడుపు వాడిది.

రివర్సులో ఈ బోటు మాట వినదు. స్టీరింగ్ ఎటు తిప్పినా వెనక భాగం ఒక పక్కకే పోతుంది. డాక్‌కి ఆ పక్కనే చేరుకోవడం నేర్చుకోవడం తప్ప మార్గం లేదు.

మే 11

ఉదయం ఆరున్నర. గాలి లేదు, నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. మా ఆవిడ స్టీరింగ్ దగ్గర. నేను నీళ్ళలో, మోకాళ్ళు గుండెకి ఆనించి, స్కీ మొన పైకి. "కానీ" అన్నాను. బోటు లాగింది, లేచాను. నాలుగు వంపులు. నాలుగోది బాగుంది, నిజంగా బాగుంది. అయిదో దానికి బోటు వేగం తగ్గిపోయి మెల్లగా మునిగాను. తిట్టుకుంటూ ఈదుకొస్తే, "ఇంజను వేడి 200 చూపిస్తోందండీ, ఆపేశాను" అంది. మామూలుగా 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉండాలి. బోటు నడపడం నేర్చుకున్న రెండో వారంలో గేజి చూస్తూ ఉంది తను. నేనైతే అల చూసుకుంటూ ఉండేవాణ్ణి.

మెల్లగా ఒడ్డుకి తెచ్చుకున్నాం. పంపు విప్పితే లోపల రబ్బరు చక్రం, అదే ఇంపెల్లరు, రెండు రెక్కలు లేవు. దాన్ని ఏటా మార్చాలి, ఓనరు ఫైలులో ఆ బిల్లు వెతికితే రెండేళ్ళ కిందటిది. ఇన్ని చూసి ఇది చూడలేదు! కొత్తది 50 డాలర్ల లోపే. వేసేసి వెళ్ళిపోదామంటే నాన్న ఒప్పుకోలేదు. "పోయిన రెండు రెక్కలూ ఎక్కడున్నాయో చూపించు." పంపు నుంచి నీళ్ళు ఇంజను వైపు వెళ్ళే దారంతా వెతకాలి. ఆ దారిలో గొట్టం ఊడదీసి టార్చి వేస్తే, లోపల నల్లటి ముక్క ఒకటి అడ్డంగా పడి ఉంది. ముక్కు పటకారుతో తీశాను. దాని వెనక ఇంకో సగం. మిగిలిన సగం కోసం ఇంకో ముప్పావు గంట. దొరికాక మూడు ముక్కల్నీ పాత చక్రానికి ఆనించి, అతుకు సరిపోయిందని చూశాకే భోజనం.

జూన్ 15

లేక్ నిండా జనం. స్లాలమ్‌కి పనికిరాదు, కుటుంబానికి పండగ. వెనక ట్యూబు కట్టి పిల్లల్నీ, వాళ్ళ స్నేహితుల్నీ తిప్పాం. మా ఆవిడకి ఈత రాదు, లైఫ్ జాకెట్ వేసుకుని ముందు సీట్లో కాళ్ళు చాపుకుని పడుకుంది. అన్నట్టు, నా స్కీ జాకెట్ సన్నటి రబ్బరుది, కోస్ట్ గార్డ్ ఆమోదం లేదు. మనిషికొకటి ఆమోదం ఉన్నది బోటులో ఉండాలని లేక్ పోలీసు లెక్కపెట్టి మరీ చెప్పాడు. అదృష్టం, ఒకటి ఎక్కువే ఉంది.

ఇంజను పెట్టె బోటు నడుమ ఉండటం మీద ఇంతకాలం ఫిర్యాదులు. ఈరోజు దాని మీదే పులిహోర, గోంగూర పచ్చడి, పెరుగన్నం పరిచాం. అడుగున వేడి కదా, పులిహోర చల్లారలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు.

ప్యాకింగ్ కొత్తది వేశాను. నిమిషానికి మూడు చుక్కలు. వాచీ పెట్టుకుని లెక్కపెట్టాను.

నవంబరు 23

నాన్న జులైలోనే రాజమండ్రి తిరిగి వెళ్ళిపోయారు. వచ్చే వారం రాత్రిళ్ళు గడ్డకట్టే చలి అంటున్నారు, ఈరోజు సాయంత్రం షెడ్డులో పడ్డాను. అక్కడ ఆదివారం తెల్లవారుజాము, రాజమండ్రిలో నాన్న కాఫీ గ్లాసుతో వాట్సాప్ వీడియోలో ఉన్నారు. అమ్మాయి ఫోన్ పట్టుకుంది.

బ్లాకుకి రెండు వైపులా ఒక్కో ప్లగ్గు. మా ఇంజన్లో ఆ చోట నాక్ సెన్సార్లు (ఇంజను లోపలి చప్పుడు పసిగట్టేవి) ఉంటాయి, వైరు తప్పించి విప్పాలి. ఎడమది విప్పగానే నీళ్ళు బుస్సుమని వచ్చాయి, చెయ్యంతా తడిసింది. మానిఫోల్డులవీ వదిలాను, గొట్టాలవీ వదిలాను. కుడి వైపుది విప్పాను. ఏమీ రాలేదు. ఒక్క చుక్క లేదు.

"అటు ఖాళీ అయినట్టుంది నాన్నా, లోపల రెండు వైపులా కలిసే ఉంటాయేమో" అన్నాను.

"ఆ పక్క నీళ్ళు ఈ పక్క నుంచి ఎలా పోతాయిరా? తీగ పెట్టి పొడు."

అమ్మాయి బట్టల హ్యాంగర్ ఒకటి వెతికి తెచ్చింది. కొస తిన్నగా చేసి రంధ్రంలో పెట్టి తిప్పాను. మెత్తగా ఏదో తగిలింది. ఇంకోసారి. తుప్పు, ఇసుక కలిసిన ముద్ద ఒకటి ఊడి అరచేతిలో పడింది, వెనకే ఎర్రటి నీళ్ళు. బకెట్లో పట్టాం. ధార ఆగేదాకా ఫోన్లో నాన్న ఏమీ మాట్లాడలేదు. ఆగాక, "ఇంకోసారి పొడు" అన్నారు. ఇంకో లోటాడు వచ్చాయి.